పాతిక లక్షలు పెట్టి వచ్చిన ఎస్సై ఎవరి దగ్గర వసూలు చేసుకుంటాడు?

ఒడిశా ఎస్సై పరీక్ష కుంభకోణం గురించి టీవీల్లో, ఫోన్లలో ఇప్పటికే చాలా చూసుంటారు కాబట్టి కథంతా మళ్లీ చెప్పను. 2025 సెప్టెంబర్ ఆఖర్లో, పరీక్షకు ఇంకా వారం కూడా లేదనగా, బరంపురం దగ్గర ఆంధ్రా బోర్డర్ వైపు వెళ్తున్న బస్సుల్ని పోలీసులు ఆపితే 114 మంది అభ్యర్థులు, ముగ్గురు ఏజెంట్లు దొరికారు. వాళ్లను విజయనగరం తీసుకెళ్లి ప్రశ్నలూ జవాబులూ బట్టీ పట్టించాలన్నది ప్లాన్ అని, ఒక్కో ఉద్యోగం రేటు 25 లక్షలని, 10 లక్షలు ముందు, 15 లక్షలు ఉద్యోగం వచ్చాక అని చెప్పింది పోలీసులే. పరీక్ష వాయిదా పడింది, కేసు సీబీఐకి వెళ్లింది.

అప్పటి నుంచీ చర్చంతా పేపర్ మీదే. ఎవరు లీక్ చేశారు, పరీక్ష కాంట్రాక్టు ఒకరి నుంచి ఒకరికి ఎలా చేతులు మారింది, వెనకున్న నాయకుడెవరు... సీబీఐ తేల్చుకుంటుంది లెండి. నాకు మాత్రం ఆ రేటు దగ్గరే మనసు ఆగిపోయింది, ముఖ్యంగా ఆ రెండో వాయిదా దగ్గర. ఉద్యోగం వచ్చాక 15 లక్షలు కట్టాలట. ఎక్కడి నుంచి కడతాడు?

లెక్క వేయండి. ఒడిశాలో ఎస్సై మూల వేతనం నెలకు 35,400. కొత్తగా చేరినవాడు తిండీ అద్దే లేకుండా, పెళ్లాంపిల్లలకు పైసా ఇవ్వకుండా ఆ మూల వేతనమంతా దాచినా 25 లక్షలు తిరిగి రావడానికి దాదాపు ఆరేళ్లు పడుతుంది, మొదటి 10 లక్షలకు వడ్డీ దాంట్లో కలపలేదు. ఇళ్లూ పొలాలూ తాకట్టు పెట్టి అప్పు తెచ్చేవాళ్లు ఆరేళ్లు ఆగే రకం అప్పు తేరు. అంటే ఈ బేరం కుదుర్చుకున్న ఇద్దరికీ, అమ్మేవాడికీ కొనేవాడికీ, ముందే తెలిసిన విషయం ఒకటుంది: ఈ డబ్బు జీతంలోంచి రాదు, స్టేషన్‌లోంచి వస్తుంది. మన దగ్గరి నుంచి వస్తుంది. పోలీసు శాఖలో అవినీతి ఎంతుందో ఏ సర్వే చెప్పినా నమ్మనక్కర్లేదు, బజార్లో ఆ కుర్చీ రేటు చూస్తే చాలు.

ఒడిశా-ఆంధ్రా సరిహద్దు ఠాణాల్లో ఆ వసూలు ఎంత సులువో ఇక్కడుండేవాళ్లకు చెప్పక్కర్లేదు గానీ దూరంగా ఉండే పాఠకుల కోసం ఒక్క ఉదాహరణ, గంజాయి. గజపతి జిల్లా మోహన, అడవ వైపు నుంచి గానీ, కొరాపుట్, మల్కన్‌గిరి నుంచి గానీ సరుకు దిగుతుంది, పట్టుకుంటారు, ఫోటో దిగుతారు. మాదకద్రవ్యాల చట్టం, అదే ఎన్‌డీపీఎస్, లెక్కలో గంజాయికి వాణిజ్య పరిమాణం 20 కిలోలు. అది దాటితే కనీసం పదేళ్ల జైలు, సెక్షన్ 37 అడ్డం పడి బెయిల్ రావడం గగనం. కిలో పైనుండి 20 కిలోల లోపయితే పదేళ్ల వరకు వేయొచ్చు కానీ కనీస శిక్ష లేదు, బెయిల్‌కు ఆ అడ్డూ లేదు. ఇప్పుడు రాత్రి రెండు గంటలకు, ఘాట్ రోడ్డులో, కాటా ఎవరి చేతిలో ఉంటుందో ఆలోచించండి. పద్దెనిమిదా ఇరవై రెండా అన్న ఆ తేడాకు ఎంత ధర పలుకుతుందో, నెత్తిన 15 లక్షల బాకీ ఉన్న ఎస్సై దాన్ని రాయాల్సి వస్తే ఏం రాస్తాడో! సరుకు తోలించిన సేటు బయటే తిరుగుతాడు, ఐదు వేల కూలికి సంచి మోసిన గిరిజన కుర్రాడు లోపల ఉంటాడు.

లారీల సంగతి వేరే. 16వ నంబరు జాతీయ రహదారి మీద సరిహద్దులోని గిరిసోల దాటే డ్రైవర్ రెండు వందలు పోలీసు చేతిలో పెట్టి పోతాడు తప్ప ఫిర్యాదు చేయడు. అవినీతి నిరోధక చట్టాన్ని 2018లో సవరించిన తర్వాత లంచం ఇచ్చినవాడూ నేరస్థుడే, బలవంతం మీద ఇచ్చాననాలంటే ఏడు రోజుల్లో చెప్పుకోవాలి. ఏడు రోజులకు వాడు చెన్నై వెళ్లి కోల్‌కతా బయల్దేరుతుంటాడు.

ఆ బస్సుల్ని పట్టుకున్నదీ పోలీసులేగా, శాఖలో నిజాయితీపరులు లేరా అనొచ్చు. ఉన్నారు, ఆ రాత్రి రోడ్డు మీద నిలబడ్డవాళ్లకు దండం. అభ్యర్థులు కూడా బాధితులే అనే వాదనా విన్నాను, పాపం నిరుద్యోగులు అని. నిరుద్యోగం బాధే, కాదనను, కానీ నిజాయితీగా రాత్రింబవళ్లు చదివిన కుర్రాడి సీటు కొనడానికి బస్సెక్కినవాణ్ణి బాధితుడంటే ఆ కుర్రాణ్ణి ఏమనాలి?

అసలు దీనికి మందు 2006లోనే రాశారు. ప్రకాశ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, పోలీసుల మీద ఫిర్యాదులు వినడానికి జిల్లా స్థాయిలో రిటైర్డ్ జిల్లా జడ్జి నేతృత్వంలో ఒక సంస్థ పెట్టమంది. దాదాపు ఇరవై ఏళ్లయింది. పర్లాకిమిడిలోనో రాయగడలోనో అదెక్కడుందో అడ్రస్ అడిగి చూడండి. ఎస్సై మీద కోపం ఉన్నవాడు అతని పైనుండే స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌కి (ఐఐసీ) చెప్పుకోవాలి, ఐఐసీ మీద ఉంటే డీఎస్పీకి. అందరూ ఒకే క్యాంటీన్‌లో టీ తాగేవాళ్లే.

ఇక మనోళ్ల, అంటే ఒడిశాలో ఉన్న తెలుగువాళ్ల, విషయానికొస్తాను, ఏ టాపిక్ ఇచ్చినా వీడు అక్కడికే వస్తాడని తిట్టుకున్నా సరే. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు గంజాం మద్రాసు నుంచి ఇటు వచ్చింది, మనమూ దానితో పాటే వచ్చాం. ఇంట్లో తెలుగు, బజార్లో రెండూ. కానీ ఠాణాలో ఒడియా రాత మాత్రమే. కాశీనగర్ రైతుకు, బరంపురం చేనేత వీధి ముసలామెకు ఒడియా మాట్లాడటం వచ్చినా చదవడం రాదు. అందుకే గేటు దగ్గరే ఒక బ్రోకర్ తగులుతాడు, అర్జీ రాసిపెడతానని. రాసిపెట్టడంతో ఆగడు, లోపల ఎంతకు సెటిల్ అవుతుందో కూడా వాడే చెబుతాడు. లంచం గొలుసులో మొదటి లింకు వాడే, వాడికి అన్నం పెడుతున్నది మనకు చదవడం రాని ఆ కాగితం. ఫిర్యాదులో ఏం రాశారో తెలియకుండానే వేలిముద్ర వేసి, నిందితుడి పేరు మాయమైందని ఆర్నెల్ల తర్వాత కోర్టులో తెలుసుకున్నవాళ్లు ఏ ఊళ్లో అడిగినా దొరుకుతారు.

రాజ్యాంగం 350వ అధికరణ ప్రకారం ఎవరైనా తమ గోడును రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఏ అధికారికైనా ఇచ్చుకోవచ్చు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న కొత్త చట్టం, పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్, సెక్షన్ 173లో నోటితో చెప్పింది రాసుకుని తిరిగి చదివి వినిపించాలంటోంది, ఎఫ్ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలంటోంది, నేరం ఏ స్టేషన్ పరిధిలో జరిగినా కేసు తీసుకోవాలంటోంది. అయినా ఇచ్ఛాపురంలో ఒడిశాకు పొమ్మంటారు, గొలంతరాలో ఆంధ్రాకు పొమ్మంటారు, మధ్యలో మనిషి బస్సు ఛార్జీలు పెట్టుకుంటాడు.

వాయిదా పడ్డ ఆ పరీక్షలోని 933 ఎస్సై పోస్టుల నియామకం ఎప్పుడు పూర్తయినా, అందులో గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ ఠాణాలకు వచ్చే ప్రతి ఎస్సైకి తెలుగు చదవడం నేర్పించాలి, అంతవరకు ప్రతి స్టేషన్ డెస్కులో తెలుగు అర్జీ తీసుకునే మనిషిని ఒకరిని కూర్చోబెట్టాలి. దీనికి అసెంబ్లీలో బిల్లు అక్కర్లేదు, సీబీఐ ఛార్జిషీటు కోసం ఆగక్కర్లేదు. ఎస్పీ ఆఫీసు నుంచి ఒక ఆర్డర్ వస్తే సరిపోతుంది, ఆ ఆర్డర్ అడుగుతూ మన సంఘాలవాళ్లు రాసే మొదటి అర్జీ తెలుగులోనే రాయండి, తీసుకున్నట్టు రసీదు కూడా అడగండి.