గర్జించే పాముకు జోహార్లు

పాములకు స్వరతంత్రులు ఉండవని ఇన్నేళ్లూ నమ్మినందుకు సిగ్గుపడుతున్నాను. పోయిన ఆదివారం మనవడి పోరు పడలేక, హనుమకొండలో అమెజాన్ అడవుల మీద తీసిన ఒక డబ్బింగ్ సినిమాకు వెళ్లాను. అందులో అనకొండ గర్జించింది. సింహం, రైలింజను, బోరు వేసే లారీ ఒకేసారి అరిస్తే ఎలా ఉంటుందో అలా గర్జించింది. నా కుర్చీ వణికింది. ముందు వరసలో ఒకావిడ మంగళసూత్రం కళ్లకద్దుకుంది.

నిజం అనకొండ ఇరవై అడుగులు దాటడమే అరుదు. దీని తల కాజీపేట జంక్షన్‌లో ఉంటే తోకకు వరంగల్ స్టేషన్‌లో టికెట్ తీసుకోవాలి. నిజం అనకొండ ఒకసారి పెద్ద జంతువును మింగితే వారాల తరబడి మళ్లీ తిండి జోలికి పోదు. దీనికి ఆ బద్ధకం లేదు. ఇంటర్వెల్‌కు ముందే నలుగురిని మింగి, మరో ఇద్దరి కోసం మోటారు పడవతో పందెం వేసుకుంది. మధ్యలో పడవ ఇంజను ఆగిపోయింది. పామూ మర్యాదగా ఆగింది. హీరో తాడు లాగి ఇంజను కదిలించేదాకా తల పైకెత్తి గర్జిస్తూ, ముహూర్తం దాటిపోతున్న పెళ్లిపెద్దలా ఎదురుచూసింది. ఈలోగా కళ్లజోడు శాస్త్రవేత్త, “దీని విషం ఒక్క చుక్క చాలు, ఏనుగు కూలుతుంది” అన్నాడు. అనకొండకు విషమే లేదు, చుట్టి బిగించి చంపుతుంది. మరుక్షణమే అతన్ని చుట్టి బిగించి చంపింది, బహుశా తప్పు దిద్దడానికే. అక్కడి గూడెం పెద్ద చేతులు జోడించి, “ఓ నాగరాజా, శాంతింపుము!” అని పద్యనాటకం ఫక్కీలో వేడుకున్నాడు. నాగరాజు అతన్నీ మింగాడు. ఆ గ్రాంథికం విన్నాక నాకు పాము మీద కోపం రాలేదు.

హాలంతా ఈలలు.

మర్నాడు పొద్దున మా కాలనీలో కేకలు. మురికికాలువ పక్కన జెర్రిపోతు. ఎలుకల్ని తిని బతికేది, విషం లేనిది. “అనకొండ పిల్ల!” అన్నాడొకడు. కర్రలు, ఇటుకలు, ఫోన్లు. నేను వెళ్లేసరికి తల చితికిపోయింది, తోక ఇంకా కొట్టుకుంటోంది. ఫోను పట్టుకున్న కుర్రాడు దాన్ని కర్రతో ఇంకాస్త పైకెత్తమంటున్నాడు, వెలుతురు సరిపోలేదట.

దేశంలో ఏటా సుమారు 58,000 మంది పాముకాటుతో చనిపోతున్నారని అంచనా. వాళ్లను కరిచినవి అమెజాన్ నుంచి రాలేదు. చీకట్లో మోటారు వేయడానికి ఒట్టి కాళ్లతో గట్టు మీద నడిచే రైతు అడుగు కింద రక్తపింజర. నేల మీద చాప వేసుకుని నిద్రపోయేవాళ్ల పక్కలోకి కట్లపాము. దాని కాటుకు చాలాసార్లు నొప్పే పుట్టదు, తెల్లవారేసరికి రెప్పలు వాలిపోతాయి. అప్పుడు మంత్రం వేయిస్తారు, పసరు పోయిస్తారు, ఉన్న కాస్త సమయమూ పోగొట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తుతారు. ఆ చావును ఆపడానికి గ్రాఫిక్స్ అక్కర్లేదయ్యా! ఒక టార్చిలైటు, ఒక జత బూట్లు, ఒక దోమతెర, సమయానికి ఒక విరుగుడు సూది! వాటి గురించి రెండు నిమిషాలు చెప్పడానికి ఎవరికీ తీరిక లేదు. గొంతే లేని జీవికి గొంతు కొనిపెట్టడానికి మాత్రం కోట్లున్నాయి!

మనవడు నా చెయ్యి వదలకుండా ఆ తోకనే చూస్తున్నాడు.

“తాతా, అన్ని దెబ్బలు కొట్టినా ఇది ఒక్కసారి కూడా అరవలేదేమిటి?”