ప్రిపరేషన్ సర్వీసుకు రూల్స్ ఎప్పుడు?

రాష్ట్రంలో నిరుద్యోగం పెరిగిందని ప్రతిపక్షం, తగ్గిందని అధికారపక్షం వాదించుకోవడమూ, ఎన్నికలు కాగానే ఇరువురూ ఒకరి ప్రసంగాలు ఒకరు మార్చుకోవడమూ మనకు అలవాటైన వ్యవహారమే. ఈ గొడవలో ఉభయులూ గమనించని సంగతి ఒకటుంది. హైదరాబాద్‌లోని అశోక్‌నగర్, చిక్కడపల్లి, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ పరిసరాల్లో వేలాది మంది యువతీయువకులు తెల్లవారకముందే విధులకు హాజరై, పొద్దుపోయాక గదులకు చేరుకుంటున్నారు. వారికి ఆదివారం లేదు, ఆప్షనల్ హాలిడే లేదు, సంక్రాంతికి ఊరెళ్లినా సంచిలో కరెంట్ అఫైర్స్ వెళ్తుంది. ఇంత క్రమశిక్షణతో పనిచేసేవారిని నిరుద్యోగులని పిలిస్తే, ఉద్యోగి అన్నవాణ్ణి దేన్ని బట్టి గుర్తుపట్టాలో ఆర్థిక శాఖే సెలవియ్యాలి. వీరు చేస్తున్నది ఉద్యోగమే. దాని పేరు ప్రభుత్వోద్యోగ పరీక్షలకు ప్రిపరేషన్. జీతం ఒక్కటే తక్కువ. కనుక ప్రభుత్వం ఇకనైనా మేల్కొని, దీన్ని ప్రత్యేక సర్వీసుగా గుర్తించి, రూల్స్ రూపొందించి, జీవో జారీ చేయాలని సవినయంగా కోరుతున్నాను.

ఈ సర్వీసుకు సచివాలయం చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం. తలుపులు తీయకముందే గేటు ముందు బ్యాగులు వరుసకట్టి ఉంటాయి. వాటి యజమానులు పక్కన టీ తాగుతుంటారు. లోపల ఏదైనా కుర్చీలో దిండు, ఎదుట బల్ల మీద నీళ్ల సీసా, అట్ట ఊడి టేపుతో నెట్టుకొస్తున్న పాలిటీ పుస్తకం కనిపిస్తే ఆ పోస్టు భర్తీ అయినట్టే లెక్క. ప్రభుత్వోద్యోగికి రక్షణనిచ్చే రాజ్యాంగం 311వ అధికరణ ప్రకారం విచారణ జరపకుండా, సంజాయిషీ తీసుకోకుండా ఆ దిండును తొలగించే అధికారం ఎవరికీ లేదు. సీటు దొరకనివారు ఆవరణలో చెట్టు కిందికి పోస్టింగు తీసుకుంటారు. కాస్త స్తోమత ఉన్నవారు నెలనెలా డబ్బు కట్టి ప్రైవేటు స్టడీ హాల్లో ఒక ప్లైవుడ్ గడి సంపాదించుకుంటారు. ఆ గడికి భారతదేశ పటం ఒకవైపు, అధికరణల పట్టిక మరోవైపు అంటించి ఉంటాయి. మూలన ‘ఈసారి కొట్టాల్సిందే’ అని పెన్నుతో రాసిన చీటీ, దాని కిందనే పాత అద్దెదారు చేతిరాతలో వెలిసిపోయిన అదే వాక్యం.

వీరికి పనేముందని పెదవి విరిచేవారికి సర్వీసు రిజిస్టరు తెరిచి చూపించాల్సి ఉంటుంది. 2014 జూన్‌లో తెలంగాణ ఏర్పడితే, కొత్త రాష్ట్రంలో డిప్యూటీ కలెక్టర్, డీఎస్పీ వంటి పై కొలువులకు తొలి గ్రూప్-1 నోటిఫికేషన్ 503 పోస్టులతో 2022 ఏప్రిల్‌లో వెలువడింది. అంటే సుమారు ఎనిమిదేళ్లు అభ్యర్థులు నోటిఫికేషన్‌కు ప్రిపేరయ్యారు. పరీక్షకు ప్రిపేరవడం ఆ తర్వాతి ఘట్టం. 3.8 లక్షల మంది దరఖాస్తు చేశారు. 2022 అక్టోబరు 16న ప్రిలిమ్స్ జరిగితే, ప్రశ్నపత్రాల లీకేజీ బయటపడి 2023 మార్చిలో రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ జరిగితే, అభ్యర్థుల వేలిముద్రలు తీసుకోలేదన్న కారణం మీద సెప్టెంబరులో హైకోర్టు దాన్నీ రద్దు చేసింది. బూట్లు వద్దు, చెప్పులతోనే రావాలి, చేతులకు గోరింటాకు పెట్టుకోరాదు అని అభ్యర్థి కాళ్లూ చేతులూ క్షుణ్నంగా పరిశీలించే వ్యవస్థ, అంత శ్రద్ధగా కాపాడిన ఆ వేలిని యంత్రం మీద పెట్టించడం మాత్రం మరిచిపోయింది. 2024 ఫిబ్రవరిలో పాత నోటిఫికేషన్‌ను పూర్తిగా చుట్టబెట్టి 563 పోస్టులతో కొత్తది ఇచ్చారు. జూన్ 9న ముచ్చటగా మూడో ప్రిలిమ్స్, అక్టోబరులో మెయిన్స్ జరిగాయి. ఈలోగా ఈ పరీక్షలు జరిపే కమిషన్ పేరు టీఎస్‌పీఎస్సీ కాస్తా టీజీపీఎస్సీ అయింది. 2025 సెప్టెంబరులో హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం మెయిన్స్ ఫలితాలను పక్కన పెట్టగా, అదే నెలలో ద్విసభ్య ధర్మాసనం ఆ తీర్పును నిలిపివేసింది, అదే నెలలో నియామక పత్రాలూ అందాయి. న్యాయ సమీక్ష అనే అధ్యాయాన్ని ప్రాక్టికల్స్‌తో సహా ఇంత సమగ్రంగా నేర్పిన సంస్థ ప్రపంచంలో మరొకటి ఉంటుందనుకోను.

ఇదేదో కొత్త రాష్ట్రపు తొందరపాటు అనుకుంటే ఉమ్మడి రాష్ట్రాన్ని అవమానించినట్టు అవుతుంది. 2011 నోటిఫికేషన్ తాలూకు గ్రూప్-1 మెయిన్స్‌ను సుప్రీంకోర్టు ఆదేశాల మేరకు 2016లో మళ్లీ రాయించారు. మొదటిసారి రాసినప్పుడు 23 జిల్లాలు ఉన్న రాష్ట్రం, రెండోసారి హాల్ టికెట్ వచ్చేసరికి ఒకవైపు 10, మరోవైపు 13గా విడిపోయింది. తెలంగాణ అభ్యర్థి ఆ 10 ఖాయం చేసుకుని పరీక్ష రాసి వచ్చిన కొద్ది రోజులకే, దసరా నాడు, జిల్లాలు 31 అయ్యాయి. ఆంధ్రప్రదేశ్ ఇంకో అడుగు ముందుకు వేసింది. అక్కడ 2018 గ్రూప్-1లో ఎంపికైనవారు ఉద్యోగాల్లో చేరి, ఫైళ్ల మీద సంతకాలు పెడుతుండగానే, మూల్యాంకనం సక్రమంగా జరగలేదంటూ మెయిన్స్ మళ్లీ నిర్వహించమని 2024 మార్చిలో హైకోర్టు ఆదేశించింది. ద్విసభ్య ధర్మాసనం ఆ ఆదేశాన్ని నిలిపివేయబట్టి సరిపోయింది గానీ, లేకుంటే డివిజనంతా హడలిపోయే అధికారి సాయంత్రానికి స్టడీ హాల్లో ఖాళీ గడి ఉందేమోనని వాకబు చేయాల్సి వచ్చేది. ఉద్యోగం తాత్కాలికం, ప్రిపరేషన్ శాశ్వతం అన్న నా వాదనకు ఇంతకు మించిన రుజువు అక్కరలేదు.

ఇక పింఛను. తెలంగాణలో 2024లో గరిష్ఠ వయోపరిమితిని 46కు పెంచారు. బీసీ, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు మరో ఐదేళ్ల సడలింపు కలిపితే 51. ప్రభుత్వోద్యోగి 61వ ఏట విరమణ పొందుతాడు. డిగ్రీ కాగానే అశోక్‌నగర్‌లో దిగి, పట్టు వదలక 51వ ఏట ఉద్యోగం కొట్టిన ధీరుడికి ప్రిపరేషన్ ముప్పై ఏళ్లయితే ఉద్యోగం పదేళ్లు. అసలు సర్వీసును వదిలేసి కొసరుకు పింఛను లెక్కగట్టడం ఏ ధర్మశాస్త్రం ఒప్పుకుంటుంది? ప్రిపరేషన్ కాలాన్ని అర్హ సర్వీసుగా పరిగణించాలి. ముఖ్యంగా ఉద్యోగి జీతంలోంచి వాటా కోసే సీపీఎస్ పింఛను మొదలైన 2004 సెప్టెంబరు 1కి ముందే పుస్తకం పట్టినవారికి ఆ సీపీఎస్ కాకుండా పాత పింఛనే వర్తింపజేయాలి. ఆ తేదీన పుస్తకం చేతిలో ఉందనడానికి ఏ సర్టిఫికెట్ జతచేయాలన్నది చిన్న చిక్కే; తహసీల్దారు కార్యాలయంలో ఇంతకంటే కష్టమైనవి దొరుకుతున్నాయి.

ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్, ముఖర్జీ నగర్‌లలో సివిల్స్ చదివే మనవాళ్లను డిప్యుటేషన్ మీద ఉన్నట్టు పరిగణించాలి. జనరల్ అభ్యర్థికి అక్కడ ఆరు ప్రయత్నాలు, 32 ఏళ్లు; ఆ తర్వాత అతడు మాతృశాఖకు, అంటే గ్రూప్-1కు, తిరిగి వస్తాడు. 46 దాకా ఇంకా పద్నాలుగేళ్లు మిగిలే ఉంటాయి. వీరికి రిస్క్ అలవెన్సు కూడా అడుగుతున్నాను. ఈ మాట మాత్రం వేళాకోళానికి రాసింది కాదు. 2024 జూలైలో ఓల్డ్ రాజిందర్ నగర్‌లో కోచింగ్ సెంటర్ సెల్లార్‌లో నడుస్తున్న లైబ్రరీలోకి వాన నీళ్లు ఉరికొచ్చి ముగ్గురు చదువుకునే పిల్లలు చనిపోయారు.

పదోన్నతుల విషయంలో మాత్రం ఈ సర్వీసు ఆదర్శప్రాయం. ప్రయత్నాలన్నీ అయిపోయినవారు ఫ్యాకల్టీ అవుతారు, ఆ పైన టెస్ట్ సిరీస్ నిర్వాహకులు, ఇంకా పైన యూట్యూబ్‌లో స్ఫూర్తి ప్రదాతలు. నెగ్గినవారు ఎక్కడో మండలంలో ధాన్యం కొనుగోళ్లు చూసుకుంటుంటే, ఎలా నెగ్గాలో చెప్పే బాధ్యతను మిగిలినవారు మోస్తున్నారు. ఒకే ర్యాంకరు నాలుగు సంస్థల హోర్డింగుల మీద నాలుగు రంగుల కోట్లు తొడుక్కుని నవ్వుతుండటాన్ని కొందరు మోసమంటారు గానీ, అది అదనపు బాధ్యతల కిందకు వస్తుంది. మాక్ ఇంటర్వ్యూకి ఓ పూట వచ్చి వెళ్లినవాణ్ణి పూర్తికాలపు విద్యార్థిగా చూపారని కేంద్ర వినియోగదారుల పరిరక్షణ సంస్థ కోచింగ్ సెంటర్లకు జరిమానాలు విధించడం ఈ సూక్ష్మం తెలియకనే జరిగి ఉంటుంది.

ఆర్థిక శాఖ ఎలాగూ అభ్యంతరం చెబుతుంది: ఇన్ని లక్షల మందికి జీతాలెక్కడి నుంచి తేవాలని. ఊళ్లో రెండెకరాలు కౌలుకిచ్చి, తల్లి మెడలోని గొలుసు తాకట్టు పెట్టి ఈ సర్వీసును ఇన్నేళ్లు పోషించినవారు ఆ ప్రశ్న ఎన్నడూ వేయలేదు. పైగా వారు ఓట్లు కూడా వేస్తారు. ఎన్నికల ముందు అన్ని పార్టీల నాయకులూ చిక్కడపల్లి లైబ్రరీ మెట్లెక్కి వీరి పక్కన కూర్చుని ఫొటోలు దిగుతారు. జాబ్ క్యాలెండర్‌ను ఉగాది పంచాంగంలా చదివి వినిపిస్తారు. అందులో ఆదాయ వ్యయాలు, రాజపూజ్య అవమానాలు అన్నీ సరిగ్గానే ఉంటాయి, పరీక్ష తేదీ తప్ప.

పైన పేర్కొన్న ముసాయిదా రూల్స్ మీద అభ్యంతరాలున్న అభ్యర్థులు తమ లాగిన్ ద్వారా, నిర్ణీత గడువులోగా, ఆధారాల నకళ్లు జతచేసి ఆన్‌లైన్‌లో మాత్రమే తెలియజేయాలి. ఈమెయిల్ ద్వారా గానీ, స్వయంగా వచ్చి గానీ ఇచ్చే విన్నపాలను స్వీకరించరు. వెబ్‌సైట్‌లోని గడి ఇంగ్లిష్‌కు మాత్రమే అనుకూలం కాబట్టి, తెలుగు మీడియం అభ్యర్థులు తమ తెలుగు ప్రశ్నపత్రంలో దొర్లిన అనువాద దోషాలను ఇంగ్లిష్‌లోనే వివరించాల్సి ఉంటుంది.