రెండు పెన్నీల జమీందారు

లండన్‌లోని హారోలో ఉంటున్న మా బావమరిది ఈ మధ్య ధనవంతుడయ్యాడు. ఉద్యోగం మారలేదు, లాటరీ తగల్లేదు. అతని చిల్లర సీసాలో 1971 నాటి రెండు పెన్నీల నాణెం దొరికింది. దాని మీద ‘న్యూ పెన్స్’ అని ఉంది. ఆన్‌లైన్‌లో అలాంటిదే ఎవరో వెయ్యి పౌండ్లకు అమ్మకానికి పెట్టారట. అప్పట్నుంచి ఆ నాణేనికి ఇంట్లో కొత్తల్లుడి మర్యాద.

1971 ఫిబ్రవరి 15న బ్రిటన్ వాళ్లు షిల్లింగుల లెక్క వదిలేసి, పౌండుకి 240 పెన్నీలకు బదులు నూరు పెన్నీల లెక్కలోకి వచ్చారు. జనం తికమకపడకూడదని నాణేల మీద ‘న్యూ’ అని కొట్టారు. మనకిది పాత ముచ్చటే. 1957లోనే నయా పైసా చూసి, 1964లో ఆ ‘నయా’ పీకేసినవాళ్లం. దొరలు మాత్రం తమ ‘న్యూ’ని 1981 దాకా మోశారు. ఒక్క 1971 సంవత్సరంతోనే ఈ రెండు పెన్నీల నాణేలు 145 కోట్లు ముద్రించారు. అప్పటి బ్రిటన్ జనాభాకి తలా పాతిక పంచినా ఇంకా మిగులుతాయి. అంత అరుదైన వస్తువన్నమాట!

నిజంగా అరుదైనది 1983ది. అప్పటికి ‘టూ పెన్స్’ అని ఉండాల్సిన చోట పొరపాటున పాత ‘న్యూ పెన్స్’ అచ్చు పడింది. అదీ నాణేలు సేకరించేవాళ్ల కోసం అమ్మిన సెట్లలో వచ్చింది గానీ, కిరాణా కొట్టు చిల్లరలో కాదు. ఈ మాట చెబితే మావాడు కాసేపు ఆలోచించి, “పన్నెండేళ్లేగా తేడా, బావా!” అన్నాడు.

మొన్న ఆదివారం వాళ్లింటికి వెళ్తే డైనింగ్ టేబుల్ మీద ఇడ్లీలకు చోటు లేదు. దుప్పటి పరిచి మూడు హార్లిక్స్ సీసాల చిల్లర కుమ్మరించాడు. ఫ్రిజ్‌కి ఉన్న తిరుపతి వెంకన్న మాగ్నెట్ పీకి ఒక్కో నాణేనికీ ఆనిస్తున్నాడు. ఒకటి, రెండు పెన్నీల నాణేల్లో 1992కి ముందువి కంచువి, అంటుకోవు. ఆ తర్వాతవి దాదాపు అన్నీ రాగి పూత వేసిన ఉక్కువి, అంటుకుంటాయి. అంటుకోని ప్రతి నాణేనికీ ఒక ‘గోవిందా’. కంచులో నూటికి 97 పాళ్లు రాగే కదా, కరిగిస్తే ఎంతొస్తుందని అడిగాడు. లైసెన్సు లేకుండా కరిగిస్తే నేరమన్నాను. వెంకన్నని బోర్లా పెట్టేశాడు. కొడుకు చిప్స్‌కి డబ్బులడిగితే, యాభై పెన్నీల బిళ్లని భూతద్దం కింద పెట్టి, వెనక పగోడా గోపురం బొమ్మ లేదని తేలాకే చేతిలో పెట్టాడు. వాడికి పదేళ్లు. “నాన్నా, కొట్టు మూసేస్తారు” అంటాడు. వాళ్లావిడ ఇడ్లీల గిన్నె పట్టుకుని నిలబడే ఉంది.

పగోడా సంగతి అబద్ధం కాదు. లండన్ క్యూ గార్డెన్స్ తోటలోని ఆ పగోడా బొమ్మతో 2009లో వచ్చిన ఆ యాభై పెన్నీల నాణేలు 2,10,000 మాత్రమే. నూరు పౌండ్ల పైన పలుకుతాయి. అందుకే వాటికి నకిలీలూ వచ్చాయి. 2008లో డిజైన్ మార్చినప్పుడు, పాత అచ్చు ఒకటి కలిసిపోయి, ఏ వైపూ సంవత్సరం లేకుండా బయటికొచ్చిన ఇరవై పెన్నీల నాణేలకూ గిరాకీ ఉంది. కానీ ఇవి పట్టుకోవాలంటే ఎన్ని ముద్రించారో, ఎంత అరిగిందో, నిజంగా ఎంతకు అమ్ముడైందో చూడాలి. అంత ఓపిక ఎవరికి? “మీ జేబులో లక్షలు!” అని హెడ్డింగ్ పెట్టేస్తే చాలు, ఆ పూట గడిచిపోతుంది.

పెట్టేవాడికి సిగ్గుండాలి. అమ్మకానికి పెట్టిన రేటు రేటెలా అవుతుంది? నా పాత స్కూటరుకి పది కోట్లని బోర్డు రాసి తగిలిస్తే అది పది కోట్ల స్కూటరా? మావాడి ఇంటి పక్కనే గదిలో ఉంటూ చదువుకుంటున్న గుంటూరు కుర్రాడు, ఇలాంటి హెడ్డింగే చదివి, ఇదే 1971 నాణేన్ని అరవై పౌండ్లు పోసి కొన్నాడు. తిరిగి అమ్మి ఫీజు కడతాడట. ఆ డబ్బు వాడు గోడౌన్‌లో ఐదు గంటలు రాత్రిపూట పెట్టెలు మోస్తే వచ్చిన కూలి. దానితో అలాంటి నాణేలు మూడు వేలు రావాలి. అమ్మినవాడు తెలిసే అమ్మాడు, రాసినవాడు తెలిసే రాశాడు. దొంగ వెధవలు.

మావాడు తన నాణేన్ని 950 పౌండ్లకు పెట్టి నాలుగు నెలలైంది. బంధుత్వం కొద్దీ మూడు పెన్నీలిస్తాను, యాభై శాతం లాభమన్నాను. నాణేన్ని లక్ష్మీదేవి పటం ముందు పెట్టి, “ఇంకా పెరగాలి, బావా” అన్నాడు.