వరండాలో వేంచేసి ఉన్న బాబీ దొరవారికి

మహారాజరాజశ్రీ బాబీ దొరవారి దివ్యసముఖమునకు, తమరికి కిక్కు కొట్టి కొట్టి మోకాలు అరగదీసుకున్న సేవకుడు నమస్కరించి రాసుకునే విన్నపం. ఇక్కడ మేమంతా క్షేమం. అక్కడ తమరూ క్షేమమేనని తలుస్తాను. అక్కడంటే మా వరండాయే, మధ్యలో ఉన్నది ఒక్క తలుపే. కానీ మొన్న ఆదివారం మధ్యాహ్నం తమరు చేసిన ఘనకార్యం తర్వాత ఎదురుగా నిలబడి మాట్లాడే ఓపిక నాకు లేదు. అందుకని కాగితం మీద పెడుతున్నాను.

తమరి వంశం గొప్పదే, కాదనను. అసలు పేరు రాజ్‌దూత్ జీటీఎస్ 175 మోటారు సైకిలు, ఎస్కార్ట్స్ కంపెనీ వారి సంతానం. 1973లో వచ్చిన 'బాబీ' సినిమాలో రిషీ కపూర్ ఎక్కి తిరిగాడు కాబట్టి దేశమంతా అసలు పేరు వదిలేసి బాబీ అంది. బుల్లి చక్రాలు, పొట్టి ఒళ్లు, లోపల మాత్రం పెద్ద రాజ్‌దూత్ తరహా 173 సీసీ టూ స్ట్రోక్ ఇంజను. సినిమాలో కుర్ర హీరో కూచుంటే ముచ్చటగా ఉండేది. మా ఇంట్లో కూచున్నది మా నాన్న. ఆరడుగుల లెక్కల మేస్టారు, తెల్ల పంచె, మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతుంటే నెల్లిమర్ల దాకా వెళ్లి రావడం. ఆ సినిమా మోజులో కొన్నారని అమ్మ అనేది, పెట్రోలు కలిసొస్తుందని కొన్నానని నాన్న అనేవారు. రెండూ అబద్ధాలే. సెకండ్ హ్యాండ్‌లో చౌకగా దొరికింది.

తమరి చిన్న చిన్న ముచ్చట్ల జోలికి పోను. పెట్రోలులో ఆయిలు కొలిచి కలపాలి, కాస్త ఎక్కువైతే ప్లగ్గు నల్లబడుతుంది, తక్కువైతే పిస్టన్ పట్టేస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికే ఇథనాల్ పెట్రోలు తమరి యాభై ఏళ్ల రబ్బరు పైపులకి పడదు. టైరు సైజు చెబితే షాపువాడు నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. ఇవన్నీ పెద్దలకి ఉండే అవలక్షణాలే అని సరిపెట్టుకున్నాను.

మా అబ్బాయి బెంగళూరులో కూచుని ఫోన్లోనే తమరి ఫొటో అమ్మకానికి పెట్టాడు. 'సెంటిమెంటల్ వాల్యూ ఉంది' అని కూడా రాశాడట. వాడికి తమరంటే సెంటిమెంటు! తమరి పొగ పడక చిన్నప్పుడు రిక్షా కావాలని ఏడ్చినవాడు. ఆ రోజు నుంచీ ఫోన్లే ఫోన్లు. నమస్కారం కూడా లేకుండా 'లాస్ట్ ప్రైస్ చెప్పండి' అనేవాళ్లు కొందరు. పాత ఫ్రిజ్ ఇస్తాను, మార్చుకుందాం అన్నవాడు ఒకడు. విశాఖలో కాఫీ షాపు పెట్టబోతున్న ఒక కుర్రాడు మాత్రం ఒకే మాటన్నాడు, అరవై వేలు. ఇంజను అక్కర్లేదట. అది తీసేసి, ఒంటికి ఎర్ర రంగు కొట్టి, గోడకి తగిలిస్తాడట. కింద కూచుని జనం సెల్ఫీలు దిగుతారట.

తర్వాత ఆ నరసన్నపేట ఆయన వచ్చాడు.

ఆదివారం మిట్టమధ్యాహ్నం, మా విజయనగరం ఆర్టీసీ కాంప్లెక్సులో బస్సు దిగి నడిచి వచ్చాడు. చేతిలో పలాస జీడిపప్పు పొట్లం. గేటు తీసింది నేను, ఆయన చూసింది తమర్ని. చూసి, గేటు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.

"మా చిన్నాన్న బండండీ" అన్నాడు.

"కాదండీ, మా నాన్నగారి బండి" అన్నాను.

"అదే లెండి, ఇలాంటిదే" అని కండువాతో కళ్లు ఒత్తుకున్నాడు.

రథసప్తమికి వాళ్ల చిన్నాన్న ఈయన్ని ట్యాంకు మీద కూచోబెట్టుకుని అరసవిల్లి తీసుకెళ్లేవాడట. చలికి చేతులు కొంకర్లు పోతే ఆపి, ఇంజను దగ్గర పెట్టించి కాచేవాడట. తర్వాత ఎవరి పెళ్లికో ఆ బండి అమ్మేశారు. చిన్నాన్న కూడా పోయాడు. ఇదంతా నాకు వరండా మెట్టు మీద కూచుని చెప్పాడు, మా ఆవిడ మంచినీళ్లు తెచ్చింది, తర్వాత టీ తెచ్చింది, ఆ తర్వాత 'భోంచేసి వెళ్లండి అన్నయ్యగారూ' అంది. నేను అరవై చెప్పి యాభైకి దిగుదామని ముందురోజు రాత్రే లెక్క వేసుకుని ఉన్నాను. ఎదురుగా పెద్దమనిషి ఏడుస్తుంటే రేటు ఎలా చెప్పాలో నాకు తెలీలేదు. ఆయనకి తెలిసింది. ముక్కు చీదుకుంటూనే ముప్పై అయిదు వేలన్నాడు. అంత ఏడుపులోనూ ఆ అంకె ఒక్కటే తడవలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. లేచి తమరి చుట్టూ తిరగడం మొదలెట్టాడు. హెడ్‌లైట్ మీద దుమ్ము కండువాతో తుడిచాడు. హ్యాండిల్ కింద, తాళం పెట్టే చోట రంగు పోయి రేకు తేలి ఉంటుంది చూడండి, అక్కడ వేలు పెట్టాడు. నేను చిన్నప్పటి నుంచీ అది ఎక్కడో పడినప్పటి దెబ్బ అనుకుంటున్నాను. "ఇది పడిన దెబ్బ కాదండీ. తాళాల గుత్తి వేలాడి వేలాడి కొట్టుకున్న చోటు. మీ నాన్నగారి గుత్తి పెద్దదై ఉండాలి" అన్నాడు. పెద్దదే. స్కూలు బీరువాల తాళాలు, లేబు తాళాలు, ఇంటి తాళాలు అన్నీ ఒకే రింగుకి వేసుకుని తిరిగేవారు. ఈ సంగతి నరసన్నపేట నుంచి వచ్చిన మనిషి నాకు చెప్పాలా?

ఇక తమరి ఘనకార్యం. నేను తమరి కోసం దాసన్నపేట మెకానిక్కుని ఇంటికి రప్పించాను. పాయింట్ల మధ్య బ్లేడు పెట్టి గ్యాపు చూశాడు, కండెన్సరు మార్చాడు, కాయిల్ మార్చాడు, కార్బరేటరు విప్పి పెట్రోలులో నానబెట్టాడు. అన్నీ అయ్యాక "దీనికి మూడ్ రావాలండీ" అని డబ్బులు పట్టుకుని పోయాడు. మూడ్ వస్తుందేమోనని ప్రతి పండక్కీ బొట్టు పెట్టాను. ఆయుధపూజకి నిమ్మకాయ కట్టాను. పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజు ఊరంతా మూడు లాంతర్ల కూడలి దగ్గర ఉంటే నేను తమరి దగ్గర ఉండి కిక్కులు కొట్టాను. బుస్సు, బుస్సు. అంతే.

ఆయన ఏం చేశాడు? ప్లగ్గు విప్పాడు. విప్పి, "అమ్మా, ఒకసారి స్టవ్ వెలిగిస్తారా" అన్నాడు. మా ఆవిడ వెలిగించింది! నేను నట్టు పట్టుకుని వంటింటి గడప దగ్గర నిలబడితే కేకలేసే మనిషి, గ్రీజు చేతులతో ఉన్న పరాయి మనిషిని లోపలికి రమ్మని పట్టకారు కూడా ఇచ్చింది. ప్లగ్గు కొసని మంట మీద కాల్చాడు. వేడివేడిగా తెచ్చి బిగించాడు. పెట్రోలు తిప్పాడు, చోక్ లాగాడు, ఒక కిక్కు ఉత్తినే కొట్టాడు. రెండోదానికి తమరు లేచారు.

బాబీ, ఇక ఈ తమరు గిమరు నావల్ల కాదు. ఒరేయ్, రెండో కిక్కుకా? నీకు సిగ్గుందా? ఏళ్ల తరబడి నీ మీద గోనెపట్టా కప్పింది ఎవరు? వానొస్తే గొడుగు పట్టింది ఎవరు? నీ వల్ల మా ఆవిడ ముగ్గు పెట్టుకునే చోటు పోతే నెలనెలా మాటలు పడింది ఎవరు? జీడిపప్పు పొట్లం తెచ్చి కాస్త ముక్కు చీదితే చాలా? నాకూ ఏడవడం వచ్చు. కాకపోతే ఎప్పుడూ కిక్కు కొట్టాకే ఏడ్చాను, ముందు ఏడవాలని నాకెవడు చెప్పాడు?

లేవడమైనా మామూలుగా లేచావా. ఆ టపటపటప శబ్దం ఎన్నేళ్లకి విన్నాను. సందంతా తెల్లపొగ. ఎదురింటి మామ్మగారు, నన్ను రోజూ చూస్తున్నా పేరు గుర్తులేక 'ఎవరు బాబూ' అని అడిగే మనిషి, చేతికర్ర పట్టుకుని బయటికొచ్చి, "మేస్టారు గానీ వచ్చీసినారేటి?" అంది. ఎవరూ మాట్లాడలేదు. మా ఆవిడ లోపలికెళ్లిపోయింది. ఆయన నీమీద ఎక్కి సందు చివరిదాకా వెళ్లి వచ్చాడు. పొట్టి మనిషి. మోకాళ్లు హ్యాండిల్‌కి తగలనైనా లేదు. నీకు కుదిరినట్టు కుదిరాడు, అదింకా మంట నాకు.

ఆయన బస్సెక్కాక నేనూ కొట్టాను. నువ్వు లేవలేదు. అది నీకూ తెలుసు, రాయక్కర్లేదు.

వెళ్తూ వెళ్తూ అడ్వాన్సుగా అయిదు వందల నోటు తీశాడు. నా చేతిలో పెట్టాలి కదా? నీ ట్యాంకు మీద పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. గురువారం ట్రాలీ ఆటో తెచ్చి తీసుకుపోతానన్నాడు. యజమాని ఎవర్రా, నువ్వా, నేనా అని పాత బీరువాలో ఆర్‌సీ వెతికి తీశాను. చూస్తే నువ్వూ కాదు, నేనూ కాదు. కాగితాల ప్రకారం యజమాని ఇప్పటికీ మా నాన్నే.

నీ నంబరుకీ మన జిల్లాకీ సంబంధం లేదు. 1975లో నువ్వు రిజిస్టరయ్యే నాటికి విజయనగరం జిల్లాయే లేదు, అది 1979 జూన్ 1న పుట్టింది. అప్పటికి మనది విశాఖపట్నం జిల్లా. తర్వాత మనకి ఏపీ 35 వచ్చింది, 2019లో రాష్ట్రం మొత్తానికి ఏపీ 39 వచ్చింది, 2022లో పార్వతీపురం విడిపోయి మన్యం జిల్లా కూడా అయింది. నువ్వు మాత్రం ఆ పాత అక్షరాలు మెళ్లో వేసుకుని కదలకుండా కూచున్నావు. రిజిస్ట్రేషను గడువు దాటిపోయి ఎంతకాలమైందో లెక్కపెట్టే ధైర్యం నాకు లేదు. కాబట్టి ముందు ఫారం 25 పెట్టి నిన్ను బతికించాలి. ఫారం 31 పెట్టి నిన్ను నా పేరు మీదకి తెచ్చుకోవాలి. అప్పుడు ఫారం 29, ఫారం 30 పెట్టి నిన్ను వదిలించుకోవాలి. తెచ్చుకునేది వదిలించుకోవడానికే అన్నమాట. లేదంటే ఇంకో దారి ఉంది. యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద రిజిస్టర్ చేస్తామని 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు, పదేళ్లకి సరిపోతుంది. కాకపోతే ఆ బండిని రోజూ రోడ్డు మీద తిప్పకూడదట. నిన్ను చూసే రాశారు ఆ రూలు.

ఫారం 31 దగ్గరే నాకు చెయ్యాడడం లేదు. యజమాని పోతే 30 రోజుల్లోగా ఆ సంగతి ఆఫీసులో చెప్పాలట, మూడు నెలల్లోగా వారసుడు దరఖాస్తు పెట్టుకోవాలట. ఎవరూ చెప్పలేదు. అంచేత రవాణా శాఖ వారి లెక్కలో మా నాన్న ఇప్పటికీ నీమీద నెల్లిమర్ల వెళ్తూనే ఉన్నారు. నిన్ను అమ్మాలంటే ఆ కౌంటరు ముందు నిలబడి, ఆయన లేరని నేనే చెప్పి, సర్టిఫికెట్టు జతచేసి, రుసుం కూడా నేనే కట్టాలి.

ఈలోగా కాఫీ షాపు కుర్రాడు మళ్లీ ఫోన్ చేసి అరవై అయిదన్నాడు. పాతిక వేలు, కాదు, ముప్పై వేలు తేడా, బాబీ. ముప్పై వేలంటే మా వంటింటికి టైల్స్ పడతాయి. కానీ గోడకి మేకు కొట్టి వేలాడదీస్తాడట, నువ్వేమన్నా కేలండరువా? పైగా ఇంజను తీసేస్తాడట. ఆ శబ్దం ఒక్కటే కదా నీ దగ్గర ఇంకా పనికొచ్చేది, మిగతాదంతా తుప్పే.

అలాగని ఏడ్చేవాడిని నమ్మడమెలా? తీసుకుపోయి ఆ కాఫీ షాపుకే అమ్మితే? ఈ అనుమానం మా ఆవిడతో అన్నాను. "ప్లగ్గు కాల్చుకుని స్టవ్ తుడిచిపెట్టి మరీ వెళ్లాడు. అలాంటి మనిషి మోసం చెయ్యడు" అంది. ముప్పై ఏళ్ల కాపురంలో నేను స్టవ్ తుడవలేదన్న సంగతి అందులోనే కలిపి వడ్డించింది.

నిన్న ఆయనకి ఫోన్ చేశాను. కాగితాలు నా పేరు మీదకి రావాలి, గురువారం కుదరదు, నెలో రెండు నెలలో పడుతుందన్నాను. కోప్పడతాడని, అడ్వాన్సు వెనక్కి అడుగుతాడని ఆశపడ్డాను. "పర్లేదండీ, ఎన్నాళ్లైనా ఆగుతాను. అందాకా ప్రతి ఆదివారం వచ్చి ఒకసారి స్టార్ట్ చేసి వెళ్తాను, లేకపోతే పట్టేస్తుంది" అన్నాడు. ప్రతి ఆదివారం! నరసన్నపేట నుంచి ఇక్కడికి వంశధార, నాగావళి రెండూ దాటి రావాలి. మా ఆవిడ అప్పుడే ఆయనకి వంకాయ పడుతుందో పడదో అడగమంటోంది.

కాబట్టి నా నిర్ణయం విను. నిన్ను ఆయనకే అమ్ముతాను, ముప్పై అయిదుకే, ముప్పై వేలు నష్టానికి. ఫారం 31 సోమవారం పట్టుకెళ్తాను. కానీ అంతకుముందు ఆదివారం ఉంది. ఆయన బస్సు దిగే లోపల నేను ప్లగ్గు విప్పుతాను, స్టవ్ వెలిగిస్తాను, మా ఆవిడ ఏమన్నా సరే. రెండో కిక్కు అడగను. పదో కిక్కుకైనా లే, మామ్మగారికి వినపడేట్టు. లేవలేదో, విశాఖ కుర్రాడి నంబరు నా దగ్గర ఉంది, మేకులు కూడా ఉన్నాయి.

ఇట్లు,
రవాణా శాఖ వారి దృష్టిలో తమకు ఏమీ కాని,
మేస్టారి అబ్బాయి