నాలుక కోసే ముందు చెవి చూడండి

మూడేళ్లు వచ్చినా పిల్లవాడు మాట్లాడకపోతే ముందు వస అరగదీసి నాకిస్తారు. దాంతో కాకపోతే నాలుక పైకెత్తి చూస్తారు. కింద పొర పొట్టిగా కనిపించిందా, ఇక తీర్పు చెప్పేసినట్టే: 'నాలుక అతుక్కుంది, కోయిస్తే మాటలొస్తాయి'. ఇంట్లో పెద్దలు అలా అనుకోవడం సహజం. చదువుకున్న డాక్టర్లు కూడా చూసీచూడగానే కత్తెరో లేజరో అందుకోవడాన్నే మేము తప్పుపడుతున్నాం.

ఆ పొర అందరి నోట్లోనూ ఉంటుంది. నాలుక పనికి అడ్డొస్తేనే అది సమస్య. నాలుక అతుక్కోవడం వల్ల సాధారణంగా మాట దెబ్బతినదని అమెరికా చెవి, ముక్కు, గొంతు వైద్యుల అకాడమీ నిపుణులు 2020లోనే తేల్చారు. పొర పొట్టిగా ఉన్న శిశువుల్లో పాలు తాగడానికి ఇబ్బందిపడేది సగంమంది కూడా ఉండరని అక్కడి పిల్లల వైద్యుల అకాడమీ 2024లో చెప్పింది. పుట్టిన ప్రతి బిడ్డకూ నాలుక పరీక్ష చేయాలని బ్రెజిల్ 2014లో ఏకంగా చట్టమే చేసింది. అంత దూరం పోనక్కర్లేదు గానీ, కోసే ముందైనా సరిగ్గా చూడాలి కదా!

చూడటమంటే టార్చి వేసి తొంగిచూడటం కాదు. నోరు తెరిచినప్పుడు నాలుక కొస పై పళ్ల వెనక్కి అందుతోందా? బయటికి చాపితే కింది పెదవి దాటుతోందా, కొస మధ్యలో నొక్కుపడుతోందా? దవడ కదపకుండా 'లలల' అనగలడా? 'ట, డ, ళ' ఎలా పలుకుతున్నాడు? అన్నం తిన్నాక చెంపలో ఇరుక్కున్న మెతుకును నాలుకతోనే తీసుకోగలడా? ఈ చివరిది పళ్ల డాక్టరు తప్పక అడగాలి. మెతుకులు అక్కడే నిలిచిపోతే పళ్లు పుచ్చుతాయి. 'ర'ను 'ల' అంటున్నాడని నాలుగేళ్లవాడి నాలుక మీద అనుమానపడక్కర్లేదు, ఆ వయసుకు అది మామూలే. చంటిబిడ్డ విషయంలోనైతే తల్లి పాలిస్తుండగా మొదటినుంచి చివరిదాకా కూర్చుని గమనించాలి. చనుమొనలు పగిలి, బిడ్డ బరువు పెరగక, బిడ్డ రొమ్ము పట్టే తీరు సరిచేసినా ఫలితం లేనప్పుడు కోత మేలే చేస్తుంది. తల్లికి నొప్పి తగ్గుతుందని పరిశోధనలూ చెబుతున్నాయి.

అసలు మాటే రాని బిడ్డ సంగతి వేరు. ముందు చూడాల్సింది చెవులు. వినపడని పిల్లవాడి నాలుక ఎంత కోసినా మాట రాదు. పైగా వినికిడి యంత్రం పెట్టాల్సిన విలువైన నెలలు కరిగిపోతాయి. పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఏర్పాటైన జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నది ఇలాంటి పిల్లల కోసమే. వినికిడి పరీక్ష ఫలితం, స్పీచ్ థెరపిస్ట్ అభిప్రాయం కేసు షీటులో లేకుండా మాటల పేరుతో ఏ పిల్లవాడి నాలుకా కోయకూడదని రెండు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలు ఉత్తర్వులివ్వాలి. ఆ షీటు నకలు తల్లిదండ్రుల చేతికీ ఇవ్వాలి.