షాపుకు తేవాలా, అడిగి తెలుసుకోవాలా

(తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో ఒక కంప్యూటర్ షాపు. కౌంటరుకు అవతల షాపతను, ఇవతల రిటైరైన లెక్కల సారు. సారు చిన్న పెన్‌డ్రైవ్ ఒకటి కొనడానికి వచ్చినాడు, ఇంకా కొనలేదు. ఇంట్లో కంప్యూటరో పాటల స్పీకరో మొండికేస్తే షాపుకు తేవాలంటాడు అతను. అడిగి తెలుసుకొని మనమే చేసుకోవాలంటాడు ఈయన. నేను మౌసు మార్పించుకోవడానికి పోయి ఇరుక్కున్నా.)

షాపతను: మీరు చేసుకుంటారు సార్, మీ మాట వేరే. ఒకాయనకు పెన్‌డ్రైవ్ ఫార్మాట్ చేసేది, అంటే లోపల ఉండేదంతా తుడిచేసేది, ఎట్లో ఎవురో ఫోన్లో చెప్పినారు. ఆయన నొక్కింది పెన్‌డ్రైవ్ మీద కాదు, కంప్యూటర్లోనే ఉండే డీ డ్రైవ్ మీద. కూతురి పెండ్లి ఫోటోలన్నీ పాయ.

సారు: మళ్లీ వచ్చినాయా?

షాపతను: సగం. గమ్మున ఆపేసి తెచ్చింటే ఇంకా జాస్తి వచ్చుండేవి. ఆయన దాని మీదే సినిమాలు ఎక్కించుకొని, తర్వాత తెచ్చినాడు.

సారు: చూడు మరి. 'పోయినాక దాని మీద ఏమీ ఎక్కించొద్దు' అన్న ఒక్క ముక్క ముందే తెలిసుంటే? అది చెప్పడానికి నోరు చాలు. నీ షాపులో చెప్పేదెక్కడ? ఏ రోగానికైనా ఒకటే మందు, ఫార్మాట్.

షాపతను: అన్నిటికీ కాదు సార్...

సారు: మా వియ్యంకుడి సంగతే తీసుకో. సౌండు రాలేదని చంద్రగిరి నుంచి లాప్‌టాప్ సంకన పెట్టుకొని బస్సులో వచ్చినాడు. నువ్వు ఆన్ చేసినావు. ఏమైంది?

షాపతను: (నవ్వి) బ్రహ్మాండంగా వచ్చింది.

సారు: ఇంటికి పోతే మళ్లీ మూగ. దేవుడి గదిలో బ్లూటూత్ స్పీకరు ఆన్‌లోనే ఉంది, వాల్యూం తగ్గించి. సౌండంతా దానికి పోతోంది. నీ షాపుకు వచ్చేసరికి స్పీకరు అందదు కాబట్టి లాప్‌టాపే పాడేది. రోగం చంద్రగిరిలో ఉండిపోతే నువ్వు తిరుపతిలో నాడి పట్టుకున్నావు.

షాపతను: సరే, నేను పట్టుకోలేకపోయినా. ఎవురు పట్టుకున్నారు?

సారు: నేనే, ఫోన్లో. 'కింద గడియారం పక్కన స్పీకరు బొమ్మ నొక్కు, అక్కడ ఏ పేరుందో చదువు' అన్నా. చదివినాడు, అయిపోయింది.

షాపతను: మీరు అడిగినారు, ఆయన చెప్పలా. నేననేదీ అదే. జనాలకు ఏం చెప్పాలో తెలీదు. 'పనిచేయలా' అంటారు. తెర మీద ఏమొచ్చింది అంటే 'ఏందో వచ్చింది, క్లోజ్ చేసేసినా' అంటారు. ఆ వచ్చిందాంట్లోనే కదా సార్ సంగతంతా ఉండేది!

సారు: అది నా వైపు మాట! ఏం చేస్తుంటే వచ్చింది, ఏమని రాసుంది, ఎప్పట్నుంచి. ఇంగ్లీషు చదవలేకపోతే ఫోనుతో ఫోటో తీసి పంపమను.

షాపతను: ఎవురికి పంపాల? అందరికీ మీలాంటి వియ్యంకుడు ఉండడు కదా.

(దీనికి సారు దగ్గర జవాబు లేదు. మాట మార్చినాడు.)

సారు: మా ఇంటి స్పీకరు పోయిందని, కొత్తది తీసుకోమని నువ్వే కదా అనింది? 64 జీబీ పెన్‌డ్రైవ్ పెడితే గుర్తే పట్టలేదు, నిజమే. పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లు సర్దే పద్ధతులు రకరకాలు, ఇట్లాంటి చిన్న స్పీకర్లు చాలావాటికి ఫ్యాట్32 అనేది తప్ప తెలీదు. 64 జీబీవి ఎక్కువగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఇంకో పద్ధతిలోనే వస్తాయి. మా మనవడి పాత 16 జీబీది పెడితే గుక్క తిప్పుకోకుండా పాడింది. వాడు వెనక్కి అడుగుతున్నాడు, అందుకే వచ్చినా.

షాపతను: అదైతే ఒప్పుకుంటా.

సారు: ఇంకా అయిపోలేదు. తెల్లారుజామున పెడితే మొదట మంగళాశాసనం వచ్చింది. తర్వాత ప్రపత్తి, తర్వాత స్తోత్రం, అన్నిటికీ ఆఖర్న సుప్రభాతం. 'ముందే మంగళం పాడేసి, ఆ తర్వాత లేపుతారా స్వామిని?' అనింది మా ఆవిడ.

షాపతను: ఫైలు పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి కదా సార్. ఎమ్, పీ, ఎస్‌టీ, ఎస్‌యూ. సరిగ్గా తలకిందులు.

సారు: అంతే! పేర్ల ముందు 01, 02, 03, 04 అని పెట్టినా. ఒట్టి 1, 2 పెడితే పాటలు పది దాటినాక 1 వెనకాలే 10 వచ్చి కూర్చునేది.

షాపతను: మీ అదృష్టం, మీది పేరు చూసే స్పీకరు. కొన్ని పేరు చూడనే చూడవు. కాపీ చేసిన వరసలోనే పాడతాయి. అంకెలు పెట్టినా మారదు, అన్నీ తీసేసి ఒక్కొక్కటే వరసగా మళ్లీ ఎక్కించాల. నానా రకాల స్పీకర్లూ చేతిలో పడినోడికే తెలుస్తాది ఇది.

(సారు జేబులోంచి చీటీ తీసి ఇది రాసుకున్నాడు.)

షాపతను: ఇంకోటి. ఎవురో ఫోన్లో చెప్తే నొక్కుకుంటా పొయ్యే అలవాటు మంచిది కాదు. ప్రింటరు కంపెనీ నంబరు వెతుకుతారు, పైన కనపడిందానికి చేస్తారు. వాడు ఎనీడెస్క్ అని, మన కంప్యూటరును దూరం నుంచే నడిపే యాప్ పెట్టుకోమంటాడు, తెర మీది అంకెలు చెప్పమంటాడు. తర్వాత బ్యాంకులో ఏమీ ఉండదు. నేనైతే రేపూ ఇక్కడే కూర్చోనుంటా కదా.

సారు: ఎనీడెస్క్ ఏం పాపం చేసింది? మా వాడు బెంగుళూరు నుంచి దాంతోనే నా కంప్యూటరు చూస్తాడు. వాడికి నేను ఫోన్ చేస్తా, ఎవడో చేస్తే ఎత్తను. పోనీ డబ్బు పోయిందే అనుకో, వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి చెప్పాలని నీ గిరాకీల్లో ఎంతమందికి తెలుసు? 'ఇది ఎందుకు నొక్కాలి?' అని అడగడం అలవాటుంటే ఆ దొంగను కూడా అడుగుతారు. నీ కౌంటరు మీద పెట్టేసి పొయ్యేవాళ్లు ఎవరినీ ఏమీ అడగరు.

షాపతను: నిజం చెప్పనా సార్? 'స్పీకరు బొమ్మ నొక్కు' అని చెప్పి పంపిస్తే ఒక్కరూ రూపాయి ఇవ్వరు. 'ఇంతేనా' అని పోతారు. అదే లోపల పెట్టి, సాయంత్రం రమ్మని, ఫార్మాట్ కొట్టి ఇస్తే ఐదొందలు కిక్కురుమనకుండా ఇస్తారు. షాపు బాడుగ ఎట్లా కట్టేది నేను?

(ఇంతసేపూ వాదించింది ఒకటి, అసలు మాట ఇది.)

సారు: అయితే చెప్పినదానికే రేటు పెట్టు. ప్రశ్నకు యాభై అని బోర్డు రాయి.

షాపతను: ఇచ్చేదెవురు? మీరెప్పుడన్నా ఇచ్చినారా?

సారు: (యాభై తీసి కౌంటరు మీద పెట్టి) కాపీ వరస సంగతి చెప్పినావు కదా. తీసుకో.

షాపతను: అయ్యో, పెన్‌డ్రైవ్ కొంటా ఉండారు కదా, వద్దులేండి.

సారు: అదిగో! నీ మాటకు నువ్వే ధర కట్టుకోలేదే, ఇంక జనం కడతారా?

షాపతను: (నోటు సొరుగులో వేసుకొని) సరే. బిల్లులో ఏమని రాసేది?