‘వాళ్లకు ఈజీ పేపరట!’

ఈ వారంలో ఒకే మెసేజ్ నాకు నాలుగు గ్రూపుల్లో వచ్చింది. మొదట పదో తరగతి బ్యాచ్‌లో, తర్వాత కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆ తర్వాత చుట్టాల గ్రూపులో. నాలుగోసారి పంపింది మా కాలేజీలోనే పనిచేసే ఎకనామిక్స్ సారు. అక్కడ నా ఓపిక అయిపోయింది.

చూడనివాళ్లు ఎవరైనా మిగిలి ఉంటే, అందులో ఉన్నది ఇదీ: ఆన్‌లైన్ పరీక్షల్లో వికలాంగులకు కాలేజీలు రహస్యంగా వేరే పేపర్ ఇస్తున్నాయి. అది ఈజీ పేపర్. పైగా గంట ఎక్కువ టైమ్. నలభై శాతం వైకల్యం లేనివాళ్లకూ ఇస్తున్నారు. సర్టిఫికెట్లు డబ్బులకు దొరుకుతున్నాయి. ఇదంతా విదేశీ ఫ్యాషన్. మన పిల్లల మెరిట్ గంగలో కలుస్తోంది. కింద మూడు దండాలు, ‘కనీసం పదిమందికి పంపండి’.

మా డిగ్రీ కాలేజీలో ఆన్‌లైన్ పరీక్షలు సెట్ చేసేది నేనే. అంటే ఆ రహస్య పేపర్ తయారు చేసే దొంగను నేనే. కాబట్టి నేరుగా నన్నే అడిగినట్టు జవాబు చెబుతాను.

విదేశీ ఫ్యాషన్ సంగతి ముందు తేల్చేద్దాం. 2016లో మన పార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టం ఉంది. పరీక్షా విధానంలో తగిన మార్పులు చేయాలని దాని 17వ సెక్షన్ చెబుతుంది. చూస్తే తప్ప రాయలేని ప్రశ్న ఉంటే చూపు లేనివాళ్లకు దాని బదులు వేరే ప్రశ్న ఇవ్వాలన్న మాట 2018 ఆగస్టులో కేంద్రం ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అందరికీ తెలిసేలా ప్రకటించిన కాగితంలో రహస్యమేమిటో నాకైతే తెలియదు.

నలభై శాతం అన్నది రిజర్వేషన్ లెక్క. రాస్తుంటే చెయ్యి పట్టేసే ఒక సివిల్స్ అభ్యర్థి కేసులో 2021 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఈ తేడా విడమరిచి చెప్పింది. పరీక్ష రాయడానికి కావలసిన సాయాన్ని ఆ లెక్కతో కొలవకూడదంది. దొంగ సర్టిఫికెట్లా? ఉన్నాయి, కాదనను. పట్టుకోండి. దొంగనోట్లు తిరుగుతున్నాయని జీతం తీసుకోవడం మానేశామా?

ఇక గంట ఎక్కువ టైమ్. మూడు గంటల పరీక్షకు గంట, అంటే గంటకు 20 నిమిషాలు. మనం నాలుగు ఆప్షన్లనూ ఒక్క చూపులో పోల్చుకుంటాం. తెర మీది అక్షరాలను పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో రాసే పిల్లవాడు రెండోదాన్ని నాలుగోదానితో పోల్చాలంటే వెనక్కి వెళ్లి మళ్లీ వినాలి. ఆ 20 నిమిషాలు పోయేది అందులోనే. అదైనా సరిగ్గా ఇస్తున్నామా? మొదటి ఏడాది, మేము ఆన్‌లైన్ పరీక్షలు పెట్టే మూడుల్ (Moodle) సాఫ్ట్‌వేర్‌లో ఒక అమ్మాయికి రెండు గంటల పరీక్షను రెండు గంటల నలభై నిమిషాలకు పెంచాను. పరీక్ష మూసే సమయాన్ని మాత్రం అందరితో పాటు పన్నెండుకే వదిలేశాను. టంచనుగా పన్నెండింటికి పేపర్ దానంతటదే సబ్మిట్ అయిపోయింది. టైమ్ లిమిట్ వేరు, క్లోజింగ్ టైమ్ వేరు అని నాకు తెలిసేసరికి ఆ అమ్మాయికి మూడు ప్రశ్నలు పోయాయి. తప్పు పూర్తిగా నాదే.

ఇప్పుడు అసలు విషం. ఈజీ పేపర్.

మా ఎకనామిక్స్ సారు పేపరే తీసుకుందాం, మెసేజ్ పంపారు కదా. రెండు డిమాండ్ రేఖల బొమ్మ ఉంది. దేని వ్యాకోచత్వం ఎక్కువ, అంటే ధర మారితే దేని అమ్మకం ఎక్కువ మారుతుంది అన్నది ప్రశ్న. చూపున్నవాళ్లు ఏ రేఖ చదునుగా ఉందో చూసి టిక్ పెట్టేస్తారు. అయిదు సెకన్ల పని. చూపు లేనివాళ్లకు బొమ్మ స్థానంలో ‘ఒక రేఖ చదునుగా, ఒకటి నిటారుగా ఉంది’ అని రాస్తే జవాబు చేతిలో పెట్టినట్టే. ఏమీ రాయకపోతే స్క్రీన్ రీడర్ ఫైలు పేరు చదివి ఊరుకుంటుంది. అందుకని అంకెల్లోకి మార్చాను: ధర 10 నుంచి 12 రూపాయలకు పెరిగితే మొదటి సరుకు అమ్మకం 100 నుంచి 90కి, రెండోదాని అమ్మకం 100 నుంచి 60కి పడిపోయింది. ఇప్పుడు ఆ పిల్లవాడు అంకెలు గుర్తుపెట్టుకుని, శాతాలు కట్టి, ఒకటి 0.5, ఇంకోటి 2 అని తేల్చాలి. ఏది ఈజీ పేపరో సారే చెప్పాలి.

పైగా తెలుగు మీడియం పేపర్లు వచ్చేది అనూ ఫాంట్లలో. పీడీఎఫ్‌లో మనకు ముత్యాల్లా కనిపిస్తాయి. లోపల ఉండేది మాత్రం ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగాపులగం. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ దాన్ని చదువుతుంటే భూతవైద్యుడు మంత్రం వేస్తున్నట్టుంటుంది. అందుకే పేపరంతా స్క్రీన్ రీడర్ చదవగలిగే యూనికోడ్‌లో మళ్లీ టైప్ చేస్తాను, రాత్రి భోజనాలయ్యాక. మెరిట్‌పై నేను చేస్తున్న కుట్ర ఇదే.

వేరే పేపర్ అంటేనే అన్యాయమట! మన తెలంగాణ ఎంసెట్, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు, 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. పొద్దున షిఫ్టుకు ఒక పేపర్, మధ్యాహ్నం షిఫ్టుకు ఇంకో పేపర్. తర్వాత నార్మలైజేషన్ చేసి, అంటే పేపర్ల కష్టంలో తేడాను బట్టి మార్కులు సరిచేసి ర్యాంకులిస్తారు. ఆ ర్యాంకు ఫ్లెక్సీ మీదికెక్కితే మెరిట్. మా క్లాసులో ఒక్కడికి రెండు ప్రశ్నలు మార్చితే మెరిట్ హత్య. బాగుంది.

ఇదంతా నవ్వి వదిలేసేదాన్నే. కానీ ఆ మెసేజ్ పిల్లల గ్రూపుల్లోకీ వెళ్లింది. మొన్న ఒకమ్మాయి వచ్చి తన రిక్వెస్ట్ వెనక్కి తీసుకుంటానంది. “పెద్ద అక్షరాల పేపర్ వద్దు మేడమ్, అందరితో పాటే రాస్తాను. క్లాసులో నన్ను ఈజీ పేపర్ అని పిలుస్తున్నారు” అంది. ఆ అమ్మాయి ప్రశ్నల్లో ఒక్క అక్షరం మారలేదు. సైజు మారిందంతే.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఈజీ పేపర్ అన్న మాట ఒకసారి నిజమైంది, నా చేతుల మీదుగానే. రెండేళ్ల కింద ఫిజిక్స్ పేపర్‌లో సర్క్యూట్ బొమ్మ ఉన్న ప్రశ్న ఒకటుంది. తెల్లారితే పరీక్ష. ఓపిక లేక దాన్ని తీసేసి ‘నిరోధం అంటే ఏమిటి?’ అని పెట్టాను. పరీక్ష అయ్యాక చూపు లేని ఒకబ్బాయి నా గదికి వచ్చాడు. “మేడమ్, వాళ్లకు సర్క్యూట్ ఇచ్చి నాకు నిర్వచనం ఇచ్చారట. నాకు సర్క్యూట్ రాదనుకున్నారా?” అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. 4 ఓమ్‌ల నిరోధం, 12 ఓమ్‌ల నిరోధం, రెండూ ఏ, బీ బిందువుల మధ్య సమాంతరంగా ఉన్నాయి అని ఒక్క వాక్యం రాస్తే సరిపోయేది. మూడు ఓమ్‌లు అని నోటిలెక్కతో చెప్పేవాడు. అంటే కొన్నిచోట్ల సులువు ప్రశ్న పడుతున్న మాట నిజం. అది కావాలని ఆ పిల్లలు అడగలేదు, మా బద్ధకం ఇచ్చింది. ఆ మెసేజ్ రాసినాయన ఈ ముక్క మీద నాతో పోట్లాడితే నేనే ఓడిపోతాను.

ఎకనామిక్స్ సారూ, మీరూ చదువుతారని తెలుసు. సోమవారం మిడ్ పరీక్ష, మీ పేపర్ ఇంకా రాలేదు. ఈసారైనా స్కాన్ చేసి పంపకండి, అనూ ఫాంట్ అసలే వద్దు. బొమ్మ ఉంటే దాని అంకెలు కూడా మీరే రాసివ్వండి. సబ్జెక్టు మీది, నాది ఫిజిక్స్.